ఇంటి నుంచి పనిచేసే బృందాన్ని గోదావరి జిల్లాల్లో నడపడం: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

‘ఆయ్, అలాగేనండి’ అన్న మాటను ఒప్పుకోలు కింద లెక్కగట్టినంత కాలం, ఇంటి నుంచి పనిచేసే బృందాన్ని నేను సరిగా నడపలేకపోయాను. కోనసీమలో పుట్టి పెరిగిన నాకే ఆ మాట అంతరార్థం తెలియడానికి ఏడాది పట్టిందంటే, హైదరాబాదులో కూర్చుని ఫోనులో వినే పై అధికారులను అది ఎంతగా తప్పుదారి పట్టిస్తుందో ఊహించవచ్చు. ఎదుటివారి మీద గౌరవంతో ఇక్కడివారు ‘ఆయ్’ అంటారు. ‘మీరు చెప్పింది విన్నాను’ అన్నంత వరకే దాని భావం. ‘ఆ పని నా వల్ల అవుతుంది’ అన్న హామీ అందులో లేదు.

పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామం, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న ఊరి నుంచి పనిచేసే అమ్మాయి, మా బృందంలో చేరిన కొత్తలో, ఒక ఫైలు గురించి అడిగినప్పుడల్లా మూడు రోజుల పాటు ‘ఆయ్’ అంటూ వచ్చింది. నాలుగో రోజున ఆరా తీస్తే తేలిన సంగతి వేరు. పిడుగుపాటుకు ఇంట్లో మోడెమ్ అడాప్టర్ మాడిపోయింది. ఇంటి లోపల సిగ్నల్ అందక, ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని, డాబా మెట్ల మీద గొడుగు వేసుకుని, లాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని పనిచేస్తోంది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ‘మీరు ఇబ్బంది పడతారని చెప్పలేదండి’ అంది. కొత్త అడాప్టర్ ఖరీదు కొన్ని వందల రూపాయలు మాత్రమే.

మాది అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని. పదకొండు మంది, కాకినాడ, మండపేట, అమలాపురం, రాజోలు, పాలకొల్లు ప్రాంతాల్లో ఎవరిళ్ళ నుంచి వారు పనిచేస్తారు. ఇలాంటి బృందాన్ని కొత్తగా చేపట్టేవారు ఎంచుకోవలసిన పద్ధతులు చాలానే ఉంటాయి. ఏ రెండింటిని పోల్చినా నేను మొదట చూసేది ఒక్కటే: ఇబ్బందిలో ఉన్నవారు మొహమాటం దాటి నోరు తెరవవలసిన అవసరం లేకుండానే ఆ ఇబ్బంది నా దాకా వస్తుందా, రాదా? ఖర్చు, వేగం ఆ తరువాతి లెక్కలు.

ఎక్కడ కూర్చుని పనిచేయాలి

ఇల్లు, పట్నంలో అద్దె గది, నెలకోసారి హైదరాబాదు ప్రయాణం అన్న మూడు మార్గాలు సాధారణంగా మన ముందు ఉంటాయి.

ఇల్లు చౌక అన్నది పైకి కనిపించే లెక్క. అద్దె మిగులుతుంది, తల్లిదండ్రులు కళ్ళెదుట ఉంటారు, తిండి బాగుంటుంది. అయితే ఇక్కడి ఇళ్ళలో ఇంటి నుంచి పనిచేయడమంటే ఖాళీగా ఉండటమేనన్న అభిప్రాయం ఇంకా పోలేదు. ‘ఇంట్లోనే ఉన్నావు కదా, ఒకసారి బ్యాంకు దాకా వెళ్ళిరా’ అన్న మాట అనిపించుకోని మగపిల్లవాడు మా బృందంలో లేడు. కోడళ్ళ విషయం మరీ కష్టం; కాల్‌లో ఉండగానే ‘అన్నం వార్చావా’ అన్న ప్రశ్న వెనక నుంచి వినిపిస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరులలోనూ, దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్ ప్రాంతంలోనూ పడతాయి కనుక, వ్యవసాయ కుటుంబాలవారికి ఆ వారాల్లో ఇంటిపని, పొలం పని, కంపెనీ పని ఒకదాని మీద ఒకటి పడతాయి. రొయ్యల చెరువులున్న ఇళ్ళలోనైతే పట్టుబడి ఏ రాత్రి ఉంటుందో ముందుగా చెప్పడం కూడా కష్టమే. అందుచేత ఇంటి నుంచి పనికి ఎవరినైనా ఒప్పుకునే ముందు నేను నెట్ వేగం కంటే ముందు, తలుపు వేసుకోగలిగిన గది ఉందా అని అడుగుతాను. వారి అనుమతితో ఇంట్లో పెద్దవారితో ఒక్కసారి ఫోనులో మాట్లాడి, పని వేళలు ఇవీ అని మర్యాదగా చెబుతాను. కార్పొరేట్ పద్ధతుల్లో ఇది ఎక్కడా లేకపోవచ్చు, కాని మా దగ్గర పది ఈ-మెయిళ్ళ కంటే ఆ ఒక్క ఫోను ఎక్కువ పని చేసింది.

పట్నంలో గది అంటే ఏ దుకాణం మీదనో మేడ మీద ఆరు బల్లలు, ఒక ఇన్వర్టర్, ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల నుంచి రెండు నెట్ లైన్లు. కొత్తగా చేరినవారికి మొదటి ఆరు నెలలు దీనికి సాటి లేదు. పక్కన కూర్చున్నవాడు నిట్టూర్చితే అతను ఎక్కడ ఆగిపోయాడో తెలిసిపోతుంది; నేను పైన చెప్పిన కొలబద్ద మీద ఇది అన్నిటికంటే ముందుంటుంది. చిక్కు రాకపోకల్లో ఉంది. మ్యాపులో పది కిలోమీటర్లుగా కనిపించేది మధ్యలో నదీపాయ ఉంటే పది కిలోమీటర్లు కాదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం చేరాలంటే పంటు, అంటే మనుషులనూ బళ్ళనూ దాటించే పడవ ఎక్కి గోదావరి పాయ అయిన వసిష్ఠ దాటాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు. కనుక గది ఏ పట్నంలో తీసుకోవాలన్నది అద్దెను బట్టి కాక, ఎంతమంది రేవు దాటకుండా అక్కడికి రాగలరన్న దాన్ని బట్టి తేల్చుకోవడం మేలు.

హైదరాబాదు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో, నరసాపురం నుంచి బయలుదేరే రైలులోనో రాత్రంతా ప్రయాణించి వెళ్ళి, ఒక రోజు సమావేశంలో కూర్చుని, మళ్ళీ రాత్రంతా ప్రయాణించి వచ్చినవారు మూడో రోజు పనికి పనికిరారు. పదకొండు మందిని అక్కడికి రప్పించే బదులు అక్కడి అధికారి ఒక్కరు ఇక్కడికి రావడం చౌక మాత్రమే కాదు, ఎవరు ఎలాంటి పరిస్థితుల్లో పనిచేస్తున్నారో కంటితో చూసే అవకాశం కూడా. జాతీయ రహదారి నుంచి అమలాపురం దారి విడిపోయేది రావులపాలెం దగ్గరే కనుక మేము రెండు నెలలకోసారి అక్కడ కలుస్తాం. ఒక్క శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళే ఏడు వారాల మొక్కు జనంతో ఆ దారులు నిండిపోతాయి. అనుభవం మీద చెబుతున్నాను.

మొత్తం మీద నా సలహా ఇది. గది, నెట్ ఉన్న అనుభవజ్ఞులకు ఇల్లు. కొత్తవారికి, ఇంట్లో చోటు లేనివారికి వారంలో మూడు రోజులు పట్నం గది. హైదరాబాదు ప్రయాణం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చాలు. ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒక విషయం మరచిపోరాదు: లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం పనిచేసే చోటు అన్న మాటలో ఇంటిని కూడా చేర్చింది. పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అంతర్గత కమిటీ వేయాలి. అర్ధరాత్రి వచ్చే వాట్సాప్ సందేశం ఇంట్లో అందుకున్నంత మాత్రాన అది సొంత వ్యవహారం అయిపోదు. కమిటీలో ఎవరెవరు ఉన్నారో, వారిని ఎలా చేరాలో మొదటి రోజే తెలుగులో రాసి ఇవ్వాలి.

మాట్లాడుకునే తీరు

నా అనుభవంలో బృందం నిలబడేదీ, విడిపోయేదీ ఇక్కడే. రోజూ ఉదయం అందరూ కలిసే వీడియో కాల్, రోజుకొక రాతపూర్వక నివేదిక, ఒక్కొక్కరితో విడిగా ఫోను అన్న మూడు పద్ధతులనూ నేను వాడి చూశాను.

వీడియో కాల్‌ను పై అధికారులు ఇష్టపడతారు, ఎందుకంటే ముఖాలు కనిపిస్తాయి. నాణ్యతను బట్టి గంటకు అర జీబీ నుంచి ఒకటిన్నర జీబీ వరకు డేటా ఖర్చవుతుంది కనుక, రోజుకు రెండు జీబీల ప్యాకేజీతో హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చే వారికి అది మోయలేని భారం. అంతకు మించిన సంగతి ఇంకొకటి ఉంది. కెమెరా తప్పనిసరి అని నియమం పెట్టిన నెలలో, రాజోలు వైపు నుంచి పనిచేసే ఒకమ్మాయి వెనక ఎప్పుడూ నీలం రంగు దుప్పటి ఒకటి వేలాడుతూ కనిపించేది. ఒకనాడు కాల్ మధ్యలో ఫ్యాను గాలికి దుప్పటి ఒక కొస లేచింది. వెనక నులక మంచం, మంచం మీద తాతగారు, ఆయన పక్కన స్టూలు మీద మందుల డబ్బా, మరచెంబు. ఆ అమ్మాయి రెండు క్షణాలు మాట ఆపి, చేతిని వెనక్కి చాచి దుప్పటి సర్దుకుని, మళ్ళీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే కెమెరా నియమం ఎత్తేశాను. ఇప్పుడు వారానికొకసారి, సోమవారం, ఇరవై నిమిషాలు మాట వినిపిస్తే చాలనుకునే కాల్ ఉంటుంది. కెమెరా పెట్టుకోవడం ఎవరిష్టం వారిది.

రాతపూర్వక నివేదికకు ఖర్చు లేదు, నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా చేరుతుంది, పది రోజుల తరువాత వెతికితే దొరుకుతుంది. మేము మూడు వాక్యాలే రాయమంటాం: నిన్న ఏమి పూర్తయింది, ఇవాళ ఏమి చేస్తున్నాను, ఎక్కడ ఆగింది. మొదటి రెండు నెలలు మూడో వాక్యం స్థానంలో అందరూ ‘ఏమీ లేదు’ అని రాశారు. ఏమీ లేకపోవడం అసాధ్యమని నాకు తెలుసు, ఎలా రాబట్టాలో తెలియలేదు. చివరకు నేనే ప్రతి ఉదయం అందరికంటే ముందు నా మూడో వాక్యం రాయడం మొదలుపెట్టాను: ‘క్లయింట్ అడిగిన రిపోర్టులో ఒక కాలమ్ నాకు అర్థం కాలేదు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి’. వారం తిరగకుండానే కాకినాడ అబ్బాయి తన వంతు రాశాడు. నెలలోపు మిగిలినవారూ రాశారు. పైవాడు తనకు తెలియదని ఒప్పుకున్నచోట కిందివారి మొహమాటం కొంత సడలుతుంది.

విడిగా ఫోను చేయడం మూడింటిలోకీ ఖరీదైనది. పదకొండు మందికి పదిహేను రోజులకొకసారి ఇరవై నిమిషాల చొప్పున కేటాయిస్తే, దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు అవుతుంది. అయినా ఒక్క పద్ధతినే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. దీనికి అడిగే ప్రశ్నే ప్రాణం. ‘పని ఎలా ఉందండి’ అంటే ‘బానే ఉందండి’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు, ఎందుకంటే అది ఇక్కడ కుశల ప్రశ్న, పని ప్రశ్న కాదు. ‘ఈ ఫైలు గురువారం సాయంత్రానికి అవ్వాలంటే ఏది అడ్డు రావచ్చు’ అని అడిగితే జవాబు వస్తుంది. ‘ఈ వారం ఎవరి జవాబు కోసం ఎక్కువసేపు ఎదురుచూశారు’ అని అడిగినా వస్తుంది, కాకపోతే ఒక్కోసారి ఆ పేరు మనదే అవుతుంది. అవును, కాదు అని తేల్చగలిగే ప్రశ్నలు వేస్తే ‘ఆయ్’ అన్న మాటే మిగులుతుంది.

మా బృందంలో ఇద్దరు నాకంటే వయసులో పెద్దవారు. బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చిన ఒకావిడ, లెక్కల మాస్టారుగా పనిచేసిన ఒకాయన. వారి తప్పును గ్రూపులో ఎత్తిచూపితే ఆ తరువాత ఆరు నెలలు వారి నోటి నుంచి సలహా రాదు. ‘మాస్టారూ, ఈ కోడ్ నాకు వేరేలా తోస్తోంది, మీరొకసారి చూడండి’ అని విడిగా అంటే అరగంటలో సరిదిద్ది పంపుతారు. తప్పును విడిగా, మెచ్చుకోలును నలుగురిలో అన్న పద్ధతి అందరికీ తెలిసిందే కాని, గ్రూపులో ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేయడం కూడా ఎత్తిపొడుపు కిందికే వస్తుందని చాలామంది గ్రహించరు. భాష విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. క్లయింటుతో ఇంగ్లీషు, మాలో మాకు తెలుగు. ఇంగ్లీషు సమావేశంలో ఆరు నెలలు నోరు విప్పని అబ్బాయి, తెలుగులో అడిగిన మొదటి రోజునే, మేము రెండుసార్లు చేస్తున్న ఒక తనిఖీని ఒకసారికి ఎలా తగ్గించవచ్చో చెప్పాడు.

నిఘానా, ఫలితమా

పది నిమిషాలకొకసారి స్క్రీన్ బొమ్మ తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాలా, చేసిన పనిని బట్టి లెక్క చూడాలా అన్న ప్రశ్న ప్రతి సంస్థలోనూ వస్తుంది. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో ఆ సాఫ్ట్‌వేర్ ఉండేది. కరెంటు పోయిన గంటను అది పనిలేని గంటగా నమోదు చేసి, నెలాఖరున జీతంలో కోత పెట్టించింది. ఆ తరువాత నాకు తెలిసినవారంతా నేర్చుకున్నది మౌస్ కదిలించడమే, పని కాదు. బిల్లింగ్ వంటి పనిలో రోజుకు ఎన్ని క్లెయిములు (బీమా సంస్థలకు పంపే బిల్లులు) వెళ్ళాయి, వాటిలో ఎన్ని తిరిగి వచ్చాయి అన్నవి ఎలాగూ లెక్కకు అందుతాయి. అంతకు మించిన కొలత అక్కర్లేదు. రాత, రూపకల్పన వంటి పనుల్లో సంఖ్య కుదరదు కనుక, వారానికొక చిన్న గడువు పెట్టి, పూర్తయిన భాగాన్ని కలిసి చూసుకోవడం నయం.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. రోగుల వివరాలు చూసే పనికి 1996 నాటి అమెరికా చట్టం, వాడుకలో హిపా అంటారు, వర్తిస్తుంది. దాన్ని అనుసరించి క్లయింట్లు వీపీఎన్ (సమాచారం బయటపడకుండా వెళ్ళే నెట్ దారి), తెరకు తాళం, ప్రింటు నిషేధం వంటి కట్టుబాట్లు పెడతారు. అవి సమాచార రక్షణకు, మనుషుల మీద కాపలాకు కాదు. ఈ రెండింటినీ కలిపేసి చెబితే జనం రెండింటినీ ద్వేషిస్తారు. వరండాలో లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని పనిచేయరాదని చెప్పేటప్పుడు, ఆ తెర మీద ఉన్నది ఎవరిదో జబ్బు వివరమని వివరిస్తే చాలు, మా వాళ్ళు ఎవరూ వాదించలేదు.

రాత్రి షిఫ్టు గురించి రెండు మాటలు. పూర్తి అమెరికా వేళలకు కట్టుబడటం కంటే, సాయంత్రం నాలుగైదు గంటలు మాత్రమే క్లయింటు వేళలతో కలిసేలా పెట్టుకోవడం మా పనికి సరిపోయింది. మార్చిలోనూ నవంబరులోనూ వారు గడియారం మార్చుకుంటారు, మనం మార్చుకోం. ఆ మార్పులకు ముందే అందరికీ రాసి చెప్పకపోతే సమావేశాలు తప్పుతాయి. ప్రసవం తరువాత తిరిగి వచ్చేవారికి, ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ 26 వారాల సెలవు ఇవ్వడమే కాక, పని స్వభావం అనుమతిస్తే పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వీలును కూడా పేర్కొంది. మా ప్రాంతంలో చాలామంది ఆడపిల్లలకు ఆ సంగతి తెలియదు. అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి.

కరెంటు, నెట్, వరద

ప్రతి నెలా అందరికీ సమానంగా భత్యం ఇవ్వాలా, అవసరమైన పరికరం సంస్థే కొనివ్వాలా? భత్యం ఇవ్వడం తేలిక. అయితే ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది, ఇన్వర్టర్ వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఇందులో వారి తప్పేమీ లేదు. ఇంట్లో ఫీజు కట్టవలసి ఉంటే ఎవరైనా అదే చేస్తారు. పరికరం ఇస్తే ఆ చిక్కు ఉండదు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఫ్యాను, ఒక మోడెమ్ కలిపి 140 వాట్ల దగ్గర ఉంటాయనుకుంటే, మంచి స్థితిలో ఉన్న 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సుమారు ఏడెనిమిది గంటలు లాగుతుంది. అంత స్తోమత లేని సంస్థ కనీసం మోడెమ్‌కు చిన్న యూపీఎస్, వేరే కంపెనీ సిమ్ ఒకటి ఇవ్వవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదన్న సంగతిని మా వాళ్ళలో సగం మంది మొదటి తుపాను నాడే తెలుసుకున్నారు.

ఇన్ని ఏర్పాట్లకూ లొంగని రోజులు ఉంటాయి. 2022 మే నెలలో అమలాపురంలో అల్లర్లు జరిగినప్పుడు కోనసీమలో ఇంటర్‌నెట్ సేవలు రోజుల తరబడి నిలిపివేశారు. రెండో సిమ్ కూడా పనిచేయదు. ఇంటి నుంచి పనిచేసేవారు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ జిల్లా ఎల్లలు దాటారు. అలాంటి రోజుకు రెండే దారులు: మనుషులను గౌతమి, వసిష్ఠ పాయల అవతలి పట్నాలకు పంపడం, లేదా పనిని అవతల ఉన్నవారికి బదిలీ చేయడం. నేను రెండో దానివైపు మొగ్గుతాను. ప్రతి ఒక్కరి పనినీ ఇంకొకరు చేయగలిగేలా జతలు కట్టేటప్పుడు, ఇద్దరినీ ఒకే పాయ ఒడ్డున ఉంచకూడదు. రాజోలు అమ్మాయికి జత కాకినాడ అబ్బాయి.

అదే ఏడాది జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. అప్పటి నుంచి మేము వరదకు సొంత నిబంధనలేవీ రాసుకోలేదు, ధవళేశ్వరం హెచ్చరికలనే వాడుకుంటున్నాం. మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు దాటిన రోజున, లంకల్లో ఉన్నవారికి నేనే ఫోను చేస్తాను; పెద్దవాళ్ళు, పశువులు ఎక్కడున్నారని అడుగుతాను, ఫైళ్ళ సంగతి ఎత్తను. పదమూడు లక్షల వద్ద రెండో హెచ్చరిక వస్తే వారి పని జత వ్యక్తికి వెళ్ళిపోతుంది, వారు అడగవలసిన పని లేదు. పదిహేడు లక్షల వద్ద మూడో హెచ్చరిక అమల్లో ఉన్నన్ని రోజులూ హాజరు పట్టీలో వారి పేరు ఎదుట ‘సెలవు’ అని పడదు, ‘విధుల్లో’ అనే పడుతుంది. ఈ మాట రాతలో పెట్టించడానికి పై అధికారులతో నాకు రెండు నెలలు పట్టింది. రాతలో పెట్టిన తరువాత వచ్చిన వరదకు, పి.గన్నవరం అమ్మాయి మొదటి హెచ్చరికకు ముందే తానుగా ఫోను చేసింది: ‘ఏటిగట్టు దగ్గరికి నీళ్ళు వచ్చేశాయండి, రేపటి నుంచి నా వల్ల కాదండి’.